ఖైదీల వినోద హక్కు – న్యాయపరమైన ఆధారాలు: ఒక పరిశీలన

శిక్ష అనుభవిస్తున్నవారికి ఆటపాటలెందుకనే ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. వినోదం ప్రభుత్వం దయతో కల్పించే సదుపాయమనే భావన ఈ ప్రశ్నకు మూలం. సదుపాయమైతే అధికారులు తమ ఇష్టానుసారం తొలగించవచ్చు. హక్కైతే తొలగింపునకు చట్టబద్ధమైన కారణం చూపాలి. ఈ భేదాన్ని వివరించడమే ప్రస్తుత వ్యాస లక్ష్యం.

వినోద హక్కు పేరుతో భారత రాజ్యాంగంలో ప్రత్యేక అధికరణం లేదు. జీవించే హక్కును, వ్యక్తిగత స్వేచ్ఛను రక్షించే 21వ అధికరణమే దానికి ఆధారం. బొంబాయి కారాగారంలో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ పాండురంగ్ సంజ్‌గిరి మరాఠీలో ఒక విజ్ఞానశాస్త్ర గ్రంథం రాసి, ప్రచురణకై బయటికి పంపడానికి అనుమతి కోరగా ప్రభుత్వం నిరాకరించింది. నియమాలు ప్రసాదించిన సౌకర్యాలు మాత్రమే నిర్బంధితునికి ఉంటాయని వాదించింది. సుప్రీంకోర్టు 1965లో ఈ వాదాన్ని త్రోసిపుచ్చింది. నియమాలు నిషేధించని స్వేచ్ఛ నిర్బంధితునికి మిగిలే ఉంటుందన్నది ఈ తీర్పు సారాంశం.

సంజ్‌గిరి శిక్షపడిన ఖైదీ కాడు. శిక్షపడిన వారి విషయం విశాఖపట్నం కేంద్ర కారాగార ఖైదీలకు సంబంధించిన డి. భువన్ మోహన్ పట్నాయక్ కేసులో చర్చకు వచ్చింది. శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ నశించవని సుప్రీంకోర్టు 1974లో స్పష్టం చేసింది. చదవడం, రాయడం, తోటివారితో కలిసిమెలిసి ఉండడం జీవించే హక్కులో భాగమని 1981లో ఫ్రాన్సిస్ కొరలీ ములిన్ కేసులో పేర్కొన్నది.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఇదే దిశలో సాగాయి. ఆరుబయట పని చేయని ఖైదీకి, వాతావరణం అనుకూలిస్తే, రోజుకు కనీసం 1 గంట ఆరుబయట వ్యాయామం ఉండాలని 23వ నియమం చెబుతుంది. గ్రంథాలయం గురించి 64వ నియమం, వినోద, సాంస్కృతిక కార్యక్రమాల గురించి 105వ నియమం ప్రస్తావిస్తాయి. అయితే ఇవి మార్గదర్శకాలే గాని, ఒప్పందం వలె రాజ్యాలను బంధించేవి కావు.

దేశంలో కారాగారాలు రాష్ట్ర జాబితాలోని అంశం. కనుక కేంద్రం రూపొందించిన 2016 నమూనా కారాగార నియమావళి అమలు రాష్ట్రాలపైనే ఆధారపడుతుంది. టెలివిజన్, క్రీడలు వంటి నిర్దిష్ట సాధనాలను ఆయా నియమాలు నిర్ణయించవచ్చు. కాని గాలి, వెలుతురు, పుస్తకం, మానవ సాంగత్యం ఖైదీకి పూర్తిగా లేకుండా చేయడం 21వ అధికరణానికి విరుద్ధమని పై తీర్పులను కలిపి చదివితే బోధపడుతుంది. ఎందుకు ఇవ్వాలన్నది కాక, ఎందుకు నిరాకరిస్తున్నారన్నదే అడగవలసిన ప్రశ్న. దానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత కారాగార యంత్రాంగానిదే.