నానో మందొస్తే జుట్టు రాలదా?

పురుగుమందుల షాపుల్లో నానో యూరియా సీసాలు చూసినోళ్ళం, నానో అన్న మాట మనకి కొత్తేం కాదు. క్యాన్సర్‌కి నానో మందు అనగానే మాత్రం నల్లపాడు కుర్రాళ్ళు నన్ను రెండే అడుగుతున్నారు. జుట్టు రాలదంట గదా? వాంతులు ఉండవంట గదా? అందులో సగమే నిజం.

మామూలు కీమో ఎట్టా పనిచేసిద్దంటే, కలుపు మీద కొట్టిన మందు మిరప మీద కూడా పడ్డట్టు. గబగబా పెరిగే కణం ఏదైనా సరే, దాన్ని కొట్టిద్ది. క్యాన్సర్ కణం అట్టాంటిదే, జుట్టు కుదురూ అట్టాంటిదే, నోట్లో పొరా అట్టాంటిదే. డాక్సోరూబిసిన్ అనే ఎర్రమందయితే గుండెని కూడా దెబ్బతీయొచ్చు.

అందుకని ఆ ఎర్రమందుని కొవ్వు పొరతో చేసిన బుడగలో పెట్టారు. బుడగ సైజు దాదాపు 100 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో వెయ్యో వంతు. గడ్డలో రక్తనాళాలు హడావుడిగా పెరిగినవి, సందులెక్కువ. బుడగ ఆ సందుల్లోంచి దూరిద్ది. గుండెలో నాళాలు బిగుతుగా ఉంటయ్యి, అక్కడికి తక్కువ చేరిద్ది. అమెరికాలో దీనికి 1995లో అనుమతొచ్చింది. గుండెకి ముప్పు తగ్గింది, జుట్టు రాలడం కూడా తగ్గింది. కానీ అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొక్కే బాధ ఇందులోనే ఎక్కువ. మిరప కోతకెళ్ళే ఆడమనిషికి అది చిన్న సంగతా?

పాక్లిటాక్సెల్ సంగతి ఇంకో రకం. అది నీళ్ళల్లో కరగదు. కరిగించడానికి ఆముదంతో తయారుచేసిన ద్రావకం వాడతారు, ఎలర్జీ ఎక్కువగా దానివల్లే. ముందు స్టెరాయిడ్ ఇవ్వాలి, సెలైన్ మూడు గంటలు ఎక్కించాలి. ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌తో కలిపి నానో రేణువులుగా చేశాక (2005లో అనుమతి) ద్రావకం అక్కర్లేకుండా పోయింది, అరగంటలో ఎక్కిద్ది. జుట్టు మాత్రం ఊడుద్ది. కాళ్ళూ చేతుల తిమ్మిర్లూ తప్పవు.

ఇంకో లెక్క వినండి. పదేళ్ళ పరిశోధనలు పోగేసి 2016లో చూస్తే, ఎలుకల్లో ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డదాకా చేరింది నూటికి ఒక్క పాలు కూడా లేదు. నానో అనేది మంచి సంచే గానీ మంత్రం కాదు.

ఇక ధర. 2012 మార్చిలో మన హైదరాబాదు నాట్కోకి ప్రభుత్వం కంపల్సరీ లైసెన్సు ఇచ్చింది. దాంతో అప్పట్లో నెలకి 2.8 లక్షలుండే సొరాఫెనిబ్ మాత్రల్ని 8,880 రూపాయలకే అమ్మాల్సొచ్చింది. అది నానో మందు కాదు. అయినా పేటెంటు గోడ దాటొచ్చని అది తేల్చింది, నానో మందులకీ మనం అదే అడగాలి.

మీ ఇంట్లో ఎవరికన్నా కీమో రాశారంటే డాక్టర్ని అడగండి: ఈ ఖరీదు మందు వల్ల మా అమ్మకి ఏ బాధ తగ్గిద్ది, ఏది పెరిగిద్ది? గుండె పరీక్ష చేశారా? మామూలు మందు సరిపోదా? ఎన్టీఆర్ వైద్యసేవలో వచ్చిద్దా?