టైరు పీడన హెచ్చరిక దీపం - లోప నిర్ధారణ

కారు డ్యాష్‌బోర్డుపై టైరు దీపం వెలగగానే సెన్సర్ చెడిందని భావించడం పరిపాటి. నిజానికి ఆ దీపానికి రెండు అర్థాలున్నాయి. ఫైర్‌స్టోన్ టైర్ల వైఫల్యం అనేక మరణాలకు దారితీసిన పిమ్మట అమెరికా 2000లో ట్రెడ్ చట్టం చేసింది. దాని ఫలితమైన 138వ భద్రతా ప్రమాణం ప్రకారం పీడనం నిర్దేశిత స్థాయికంటే 25 శాతం తగ్గితే దీపం నిలకడగా వెలుగుతుంది. వ్యవస్థలోనే లోపముంటే, అదే దీపాన్ని వాడే కార్లలో, ఇంజిన్ స్టార్టు చేసిన ప్రతిసారీ అది 60 నుండి 90 సెకన్లు మిణుకుమని, తరువాత నిలకడగా వెలుగుతుంది. ఆ తొలి నిమిషాన్ని గమనించనివారికి రెండూ ఒకటిగానే తోస్తాయి.

కావున పరిశీలన గేజితోనే ఆరంభం కావాలి. చల్లని టైర్లలో పీడనాన్ని కొలిచి, సాధారణంగా డ్రైవరు తలుపు చట్రంపై ఉండే పట్టికతో సరిచూడాలి. టైరు అంచుపై ముద్రించినది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఉష్ణోగ్రత 5-6 సెల్సియస్ డిగ్రీలు తగ్గితే పీడనం సుమారు 1 పీఎస్‌ఐ పడిపోతుంది. చలి ఉదయాన వెలిగి, కొంత ప్రయాణం తరువాత ఆరే దీపం గాలి కొరతనే సూచిస్తుంది.

దీపం మిణుకుమంటే స్కానర్‌తో ఒక్కో సెన్సర్ సంకేతాన్ని పరీక్షించాలి. బ్యాటరీ లోపలే మూసివేయబడి ఉంటుంది గనుక అది క్షీణిస్తే సెన్సర్‌నే మార్చవలసి వస్తుంది. కొత్తదాని పౌనఃపున్యం (315 లేదా 433 మెగాహెర్ట్జ్) కారుకు సరిపోవాలి. దాని గుర్తింపు సంఖ్యను కారు కంప్యూటరులో నమోదు చేయాలి.

చక్రాల భ్రమణ వేగాన్నిబట్టి పీడనాన్ని అంచనా వేసే పరోక్ష పద్ధతిలో చక్రంలో సెన్సరే ఉండదు. అక్కడ గాలి నింపకుండా రీసెట్ మీట నొక్కితే తక్కువ పీడనమే ప్రమాణంగా నమోదై, దీపం ఆరిపోతుంది.