సైకిల్ ట్రెయిలర్: కొక్కెం కిందికి దిగిన కథ

సైకిల్ వెనక మరో బండి కట్టి లాగడం చాలాకాలంగా ఉన్నదే. జపాన్‌లో 1920ల నుంచి ఇనుప గొట్టాల చట్రం, గాలి టైర్లు ఉన్న రెండు చక్రాల ‘రియర్ కార్’ వాడుకలో ఉంది; దాన్ని చేత్తోనూ లాగేవారు, సైకిల్‌కూ కట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో పెట్రోలు దొరక్క, సైకిల్ వెనక మనుషులు కూర్చునే పెట్టె కట్టి ‘వెలో టాక్సీ’లు తిప్పారు. అమెరికాలో 1971లో మొదలైన కానన్‌డేల్ కంపెనీ తొలి సరుకు సైకిల్ కాదు, ట్రెయిలరే. 1978లో ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్‌లో పుట్టిన బర్లీ కంపెనీ పిల్లల ట్రెయిలర్లకు పేరుపడింది. తెలుగునాట ఈ పనంతా రిక్షా చేసిపెట్టింది కనుక విడి బండి అవసరం పెద్దగా రాలేదు.

ఇన్నేళ్లలో అసలైన మార్పు పెట్టెలో రాలేదు, దాన్ని సైకిల్‌కు తగిలించే చోట వచ్చింది. పాత ట్రెయిలర్లలో చాలావాటి కడ్డీని సీటు రాడ్డుకు బిగించేవారు. అది నేలకు దాదాపు 75 సెంటీమీటర్ల ఎత్తు. మలుపులో బ్రేకు వేసినప్పుడు ట్రెయిలర్ ముందుకు నెడుతుంది. ఆ తోపుడు అంత ఎత్తున తగిలితే సైకిల్ పక్కకు ఒరుగుతుంది. వెనక ఇరుసు ఎత్తు సుమారు 34 సెంటీమీటర్లే. అదే తోపుడు అక్కడ తగిలితే ఒరిగించే బలం సగానికన్నా తగ్గుతుంది. తర్వాత వచ్చిన పట్టీలు ఇరుసుకు దగ్గరగా, ఎడమవైపు ఫ్రేము గొట్టాలను పట్టుకునేవి. సన్నని గొట్టాలు నొక్కుకుపోవడం, డిస్క్ బ్రేకు సరిగ్గా అక్కడికే రావడంతో కొక్కెం చివరికి ఇరుసు మీదికే చేరింది. కుడివైపు చైను, గేర్లు ఉంటాయి కాబట్టి ఎడమవైపే దాని స్థానం. కీలు అన్నివైపులా తిరిగేది కావడంతో సైకిల్ పడిపోయినా రెండు చక్రాల ట్రెయిలర్ సాధారణంగా నిలబడే ఉంటుంది.

ఒంటి చక్రం ట్రెయిలర్ దారి వేరు. కాలిఫోర్నియాలో తయారైన బాబ్ యాక్ దీనికి మంచి ఉదాహరణ: 16 అంగుళాల చక్రం, 32 కిలోల పరిమితి, ఇరుసుకు రెండువైపులా పట్టు. సైకిల్‌తో పాటే ఒరుగుతుంది, ఇరుకు కాలిబాటల్లో దూరుతుంది. కానీ దాని బరువులో పెద్ద వాటా సైకిల్ వెనక చక్రం మోయాలి. పిల్లలకూ బరువైన సామానుకూ రెండు చక్రాలదే నయం. ఇద్దరు పిల్లల రకాలకు 45 కిలోల పరిమితి మామూలు. పిల్లల విషయంలో నియమాలు గట్టివి. ఏడాది నిండని పసివాళ్లను సైకిల్ మీద ఎక్కించవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది. జర్మనీలో ఏడేళ్లలోపు పిల్లలు ఇద్దరికి మించి కూర్చోరాదు, తొక్కేవారికి కనీసం 16 ఏళ్లుండాలి. సామాను ట్రెయిలర్లో పిల్లల్ని కూర్చోబెట్టడం ఎక్కడైనా తప్పే.

బిగించేటప్పుడు కొక్కెం పలక ఫ్రేముకు బయటివైపు, నట్టుకు లోపల రావాలి. పలక మందం వల్ల నట్టుకు మరలు చాలకపోతే పొడవాటి ఇరుసు వేయించాలి. రెండు చుట్లే పట్టిన నట్టును నమ్మకూడదు. ఫ్రేములోకే మరలతో బిగిసే త్రూ యాక్సిల్ ఉన్న సైకిల్‌కు పొడవూ, మరల మధ్య దూరమూ (1, 1.5 లేక 1.75 మిల్లీమీటర్లు) సరిపోయే ప్రత్యేక ఇరుసు కొనాలి. హబ్ మోటారున్న ఈ-సైకిళ్లకూ, కొన్ని కార్బన్ ఫ్రేములకూ తయారీదారు అనుమతి లేనిదే తగిలించరాదు. కడ్డీకి పిన్ను పెట్టి తాళం వేశాక, భద్రతా పట్టీని ఫ్రేము గొట్టం చుట్టూ తిప్పి మళ్లీ కడ్డీకే తగిలించాలి. పిన్ను ఊడినా బండిని వదలనిది ఆ పట్టీయే. తొందరలో ఎక్కువమంది మరిచిపోయేదీ అదే. కాసేపు తొక్కాక నట్టును మళ్లీ బిగించాలి.

బరువు ట్రెయిలర్ ఇరుసుకు కాస్త ముందుండాలి. వెనక్కి పోతే ఎడ్లబండి నొగ లేచినట్టు కడ్డీ పైకి లేస్తుంది, సైకిల్ వెనక చక్రం పట్టు తప్పుతుంది. 45 కిలోల బండిని చదును రోడ్డు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో లాగడానికి అదనంగా పది వాట్లు చాలవచ్చు. నూరు మీటర్లకు అయిదు మీటర్లు ఎక్కే ఎత్తులో మరో అరవై వాట్లు కావాలి. దిగేటప్పుడు ఆ శక్తినంతా సైకిల్ బ్రేకులే పీల్చుకోవాలి. వేగం గంటకు 15 నుంచి 25 కిలోమీటర్లకు పెరిగితే, ఆగడానికి బ్రేకులు పీల్చుకోవాల్సిన గతిజ శక్తి 2.8 రెట్లవుతుంది. అందుకే బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు. ట్రెయిలర్ చక్రాలు మలుపు లోపలివైపుకు జరిగి తిరుగుతాయి. లోపలి చక్రం కాలిబాట అంచెక్కితే బండి బోల్తా పడుతుంది. కారు డ్రైవరు కంటికి ఆనని ఎత్తు కనుక పొడవాటి జెండా, వెనక ఎర్ర దీపం తప్పనిసరి.