తెగిన వేళ్లు కట్టిన బాణీ

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన టోనీ ఐయోమీ ఇక ఫ్యాక్టరీకి వెళ్లనన్నాడు. ఉద్యోగానికి అదే ఆఖరి రోజు. ఓ బ్యాండుతో జర్మనీ వెళ్లి గిటార్ వాయించే అవకాశం చేతిలో ఉంది. ఆ మిగిలిన ఒక్క పూట పనిచేస్తే ఎంత, మానేస్తే ఎంత? వాళ్లమ్మ ఒప్పుకోలేదు. పట్టిన పని పూర్తి చేసి రమ్మని పంపించింది. ఇది 1965 నాటి మాట. ఊరు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్, కుర్రాడి వయసు 17. అతను వెల్డర్. ఆ రోజు రేకులు నొక్కే ప్రెస్ మీద పనిచేసే ఆవిడ రాకపోవడంతో అతన్ని అక్కడ నిలబెట్టారు. అలవాటు లేని యంత్రం. కుడిచెయ్యి దాని కిందికి పోయింది. బెదిరిపోయి వెనక్కి లాగాడు. నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు అక్కడే ఉండిపోయాయి.

టోనీది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో మీటుతాడు, కుడిచేతి వేళ్లతో తీగలు నొక్కుతాడు. పోయినవి సరిగ్గా ఆ నొక్కే వేళ్లే. గిటార్ సంగతి మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. ఫ్యాక్టరీలో అతని పైవాడు మాత్రం ఓ రికార్డు తెచ్చి బలవంతాన వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించిన గిటార్. అగ్నిప్రమాదంలో చెయ్యి కాలిపోయాక ప్రధానంగా రెండు వేళ్లతోనే ఆ వేగం సాధించిన మనిషి.

తర్వాత టోనీ చేసింది అచ్చంగా ఫ్యాక్టరీ కుర్రాడి పని. అంట్లు తోమే లిక్విడ్ సబ్బు సీసా కరిగించి, ఉండ చేసి, వేడి సోల్డరింగ్ ఐరన్‌తో దానికి తొర్ర పెట్టాడు. వేలికి సరిపోయేదాకా రుద్దాడు. ప్లాస్టిక్ తీగ మీద జారిపోతోందని పాత తోలు జాకెట్ ముక్క కోసి పైన అతికించాడు. ఆ తొడుగులకు స్పర్శ ఉండదు. ఎంత నొక్కుతున్నాడో వేలికి తెలియదు, చెవికి తెలియాలి. బిగువు తీగలు నొప్పి పుట్టిస్తే సన్నటి బాంజో తీగలు వేసి చూశాడు. కొన్నేళ్లకు శ్రుతే బాగా దించేశాడు. తీగ వదులైంది, నాదం బరువెక్కింది. అతని బ్యాండు బ్లాక్ సబ్బాత్ 1971లో తెచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బంలో వినిపించే ఆ మందపు మోత చాలామటుకు ఈ సర్దుబాటు ఫలమే. హెవీ మెటల్ పుట్టుకకు ఎన్ని కారణాలైనా చెప్పొచ్చు. నా వరకు మొదటి కారణం ఆ ప్రెస్సే.

బ్లాక్ సబ్బాత్ నలుగురిదీ బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ ప్రాంతం. ఫ్యాక్టరీల పొగ, యుద్ధంలో బాంబులు పడి మిగిలిన శిథిలాలు, ఇరుకు ఇళ్లు. పాటగాడు ఓజీ ఆస్బోర్న్ కార్ల హారన్లు సరిచూసే పని చేశాడు, కబేళాలో పనిచేశాడు, దొంగతనం చేసి పట్టుబడ్డాడు. బుద్ధి రావాలని తండ్రి జరిమానా కట్టలేదు. కొడుకు కొన్ని వారాలు జైల్లో ఉండొచ్చాడు. తర్వాత, తనకు సొంత మైక్ సెట్టు ఉందని, బ్యాండు కావాలని ఓ దుకాణంలో ప్రకటన అంటించాడు. అది చూసి టోనీ, డ్రమ్మర్ బిల్ వార్డ్ అతని ఇంటికి వెళ్లారు. తీరా చూస్తే స్కూల్లో టోనీకి ఏడాది జూనియర్! అప్పట్లో ఆ కుర్రాణ్ని చూస్తేనే టోనీకి గిట్టేది కాదు. బేస్ గిటార్ గీజర్ బట్లర్‌ది. ఐరిష్ కాథలిక్కుల ఇంట పుట్టినవాడు, లెక్కల గుమాస్తా. పాటల సాహిత్యం ఎక్కువగా అతనిదే.

1968లో కలిసిన ఈ నలుగురు మొదట బ్లూస్ వాయించారు. కొన్నాళ్లు 'ఎర్త్' అన్న పేరుతో తిరిగారు. అదే పేరుతో ఇంకో బ్యాండు ఉందని తెలిసి కొత్త పేరు కావాల్సివచ్చింది. వీళ్లు సాధన చేసేచోటికి ఎదురుగా ఓ సినిమా హాలు. అక్కడ దయ్యాల సినిమాకు జనం బారులు తీరడం చూసి, భయపడ్డానికి డబ్బిచ్చి మరీ వస్తున్నారే అనుకున్నారు. మారియో బావా తీసిన భయానక చిత్రం 'బ్లాక్ సబ్బాత్' పేరే పాటకూ, బ్యాండుకూ పెట్టుకున్నారు.

ఆ పాటకు ప్రాణం మూడు స్వరాలు: కింది షడ్జమం, పై షడ్జమం, రెంటి మధ్య ప్రతి మధ్యమం. షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఉన్న ఆ ఎడాన్ని పాశ్చాత్యులు ఏనాటినుంచో దయ్యానికి అంటగట్టారు. మనకేమో అదే ప్రతి మధ్యమంతో కల్యాణి రాగం పలుకుతుంది, దాంతో పెళ్లిళ్లే చేస్తాం. తేడా నడకలోనూ నాదంలోనూ ఉంది. టోనీ దాన్ని ఈడ్చి ఈడ్చి, తీగ వణుకుతో వదిలాడు.

మొదటి ఆల్బం రికార్డింగ్ దాదాపు ఒక్క రోజులో అయిపోయింది. వేదిక మీద ఎలా వాయిస్తారో అలాగే వాయించి వెళ్లిపోయారు. వాన, గంట చప్పుళ్లు తర్వాత కలిపారు. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, విడుదలైంది. లోపలి అట్ట మీద తలకిందుల శిలువ వేసింది కంపెనీవాళ్లు, బ్యాండుకు చెప్పకుండానే. అసలు వీళ్ల మెడలో వేలాడే లోహపు శిలువలేమో ఓజీ తండ్రి చేసిచ్చినవి. ఆయనా ఫ్యాక్టరీ మనిషే. విమర్శకులు చీదరించుకున్నా ఆల్బం బ్రిటన్‌లో 8వ స్థానానికి ఎక్కింది.

అదే ఏడాది రెండో ఆల్బం. వియత్నాం రోజులవి. కుర్రాళ్లను చావుకు తోలి తాము భద్రంగా కూర్చునే పెద్దలను తిట్టిన 'వార్ పిగ్స్' పేరే దానికి పెట్టాలనుకున్నారు. ఇంకో మూడు నిమిషాల పాట తక్కువైందంటే టోనీ అప్పటికప్పుడు బాణీ కట్టాడు, గీజర్ మాటలు రాశాడు. ఆ అతుకు పాటే 'పారనాయిడ్'. సింగిల్‌గా 4వ స్థానం, ఆల్బంకు మొదటి స్థానం. కంపెనీ ఆల్బం పేరు మార్చింది కానీ బొమ్మ మార్చలేదు. అందుకే 'పారనాయిడ్' అట్ట మీద కత్తీ డాలూ పట్టిన మనిషి సంబంధం లేకుండా దూకుతుంటాడు.

తర్వాతి కథ అందరికీ తెలిసిన రాక్ కథే. డబ్బు, కొకైన్, కోర్టులు. 1979లో ఓజీని పంపేశారు. ఆ కబురు చెప్పే పని బిల్ వార్డ్ మీద పడింది. రానీ జేమ్స్ డియో వచ్చి 1980లో 'హెవెన్ అండ్ హెల్' పాడాడు. గొంతు లెక్కన డియో ఎన్నో మెట్లు పైన ఉంటాడు. అయినా ఆ పాత పాటల్లో నాకు ఓజీ ఏడుపుగొంతే కావాలి, రాగం ఎటు పోతే గొంతూ అటే పోవాలి. ఎనభైల నడుమకొచ్చేసరికి మొదటివాళ్లలో టోనీ ఒక్కడే మిగిలాడు. 2013లో ఓజీ, గీజర్‌లతో చేసిన '13' బ్రిటన్‌లో మొదటి స్థానం తెచ్చింది, 43 ఏళ్ల తర్వాత. ఒప్పందం దగ్గర పేచీ వచ్చి బిల్ అందులో లేడు.

నలుగురూ మళ్లీ కలిసింది 2025 జులై 5న, ఆస్టన్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో. చిన్నప్పుడు మ్యాచ్ రోజుల్లో ఓజీ చిల్లర కోసం కార్లకు కాపలా కాసింది ఆ వీధుల్లోనే. మెటాలికా, గన్స్ ఎన్ రోజెస్ లాంటివాళ్లు వీళ్లకు ముందు వాయించారు. పార్కిన్సన్స్‌తో నిలబడలేని ఓజీ సింహాసనంలో కూర్చుని పాడాడు. 17 రోజులకే, 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ రాత్రి సబ్బాత్ వాయించినవి నాలుగే పాటలు: 'వార్ పిగ్స్', 'ఎన్.ఐ.బి.', 'ఐరన్ మ్యాన్', 'పారనాయిడ్'. నాలుగూ 1970వే. ఆఖరుది, చోటు నింపడానికి కట్టిన ఆ మూడు నిమిషాల పాట.