మాటర్‌హార్న్ పాదమున జెర్మాట్

స్విట్జర్లాండు దక్షిణభాగమున, వాలే మండలములో, సముద్రమట్టమునకు సుమారు 1,600 మీటర్ల యెత్తున జెర్మాట్ అను పల్లె కలదు. ఊరికెదురుగ నొంటరిగా నిక్కి నిలిచిన 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరమును జూచుటకే నేడు లోకము అచ్చటికి తరలిపోవుచున్నది గాని, పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము వరకు పసులను మేపుకొనుచు, రై ధాన్యము పండించుకొనుచు బ్రతికిన ఆ గ్రామస్థులలో పెక్కండ్రు దానిని మనుష్యుడెక్కరానిదిగనే యెంచిరి.

వారి జీవనమెట్టిదో ఊరిలోని పాతవీథియే చెప్పును. ఎండకు నల్లబారిన లార్చి మ్రాని దూలములతో కట్టిన ధాన్యపుకొట్లు పొట్టి స్తంభములపై నిలిచియుండును. ప్రతి స్తంభమునకును కొట్టునకును నడుమ వెడల్పైన గుండ్రని రాతిపలక యొకటి యుండును. స్తంభము నెగబ్రాకిన యెలుక ఆ పలక యడుగున తల తగిలి, అంచు దాటి పైకి పోలేక వెనుదిరుగవలసినదే. మన గాదెలు కట్టినవారు చూచిన మెచ్చుకొనకపోరు.

1865 జూలై 14వ తేదీన ఎడ్వర్డ్ విమ్పర్ అను ఆంగ్లేయ చిత్రకారుడు మరి యార్గురితో మాటర్‌హార్న్ శిఖరాగ్రమును చేరెను. దిగుచుండగా అనుభవము చాలని హేడో అను యువకుడు కాలుజారి, తన ముందున్న మిషెల్ క్రో అనువానిని పడద్రోయగా, వారితోపాటు హడ్సన్, డగ్లస్ అనువారును లాగబడిరి. నడుమ త్రాడు తెగుటచే నలుగురు లోయలో గూలిరి, విమ్పరును, టౌగ్వాల్డర్ అను తండ్రికొడుకులును మిగిలిరి. డగ్లస్ దేహము నేటికిని దొరకలేదు. త్రాడును కోసిరను నింద లేచి విచారణయు జరిగెను. తెగిన యా త్రాటిముక్క నేటికిని ఊరి ప్రదర్శనశాలలో, గాజు వెనుక, పీచులు విచ్చుకొని కనబడును. ఇంత సన్నని త్రాటిని నమ్మి దిగిరా యని చూచినవారికి తోచక మానదు.

విచిత్రమేమనగా, యాత్రికులను జడిపింపవలసిన యీ దుర్ఘటనయే జెర్మాట్ పేరును దేశదేశముల మ్రోగించెను. అంతకుమునుపే సత్రము నడుపుచుండిన అలెగ్జాండర్ సైలర్ వంటివారికి అతిథులు వెల్లువెత్తిరి; 1891లో రైలు వచ్చెను; 1898లో దంతములుగల పట్టాలపై విద్యుత్తుచే నడచు బండి 3,089 మీటర్ల యెత్తైన గోర్నర్‌గ్రాట్ వరకు సాగెను.

పెట్రోలు కార్లకు మాత్రము ఊరిలో ప్రవేశము లేదు. అయిదు కిలోమీటర్ల దిగువనున్న టేష్‌లో వానిని నిలిపి, రైలెక్కి రావలయును. వీథులలో తిరుగునవి చిన్న విద్యుద్వాహనములే. యాత్రికుల రద్దీకి లోటులేని యూరు గాలిని మాత్రము కాపాడుకొనగలిగినది. శిఖరదర్శనము కోరువారు తెల్లవారగనే గోర్నర్‌గ్రాట్ బండి నందుకొనుట మేలు. ప్రొద్దెక్కినకొలది మబ్బు క్రమ్ముకొని, టికెట్టు కొన్నవారికి సయితము మాటర్‌హార్న్ మొగము చాటుచేయుట కద్దు.