టోకు సరుకుల ఆన్‌లైను అంగడికి అధికారి యెట్టివాడు?

సంఘమువారు తమ పత్తిని, బుడ్డలను మిల్లులకును టోకు వర్తకులకును ఆన్‌లైనులో నేరుగా నమ్మదలచినయెడల, ఆ యంగడిని నడపుట కెవరిని నియమింపవలెనని సభ్యులు కొందఱు మమ్ము నడిగియున్నారు. కంప్యూటరు నేర్చిన కుర్రవాడొకడు చాలునని పలువురి యభిప్రాయము. మేము దానితో నేకీభవింపజాలము.

చిల్లర వ్యాపారము వేఱు, టోకు వ్యాపారము వేఱు. చీర కొనువాడు బొమ్మ చూచి వెల చెల్లించును. మిల్లువాడట్లు గాదు. తేమ యెంత, చెత్త యెంత, లారీ యెన్నడు పంపవలెను, రొక్కమా గడువా యని యడుగును. తూకమును బట్టి ధరయు మాఱును. ఆదోని యార్డులో సరుకు కంటియెదుట కుప్పగా నుండును. వ్యాపారి చేయి పెట్టి చూచుకొనును. ఆన్‌లైనులో నతనికి మన వ్రాతయే సాక్ష్యము.

మేమెఱిగిన యొక సంఘమున గిడ్డంగిలో 120 సంచుల బుడ్డలుండగా 200 సంచులున్నవని తెరపై వ్రాసియుండెను. ముందుదినమున 80 సంచులు ఊరిలోనే అమ్ముడుపోయినవి. ఆ లెక్కను తగ్గించినవారు లేరు. కొన్నవాడు లారీ పంపెను. రానుపోను బాడుగ సంఘముమీద బడెను. అదియు పోనిండు, ఆ మిల్లువాడు మరల ఆ గడప త్రొక్కలేదు. గుమాస్తాకు కంప్యూటరు విద్యలో లోటు లేదు. సాయంకాలము గిడ్డంగికి బోయి సంచులు లెక్కించు నలవాటే లేదు.

కావున అభ్యర్థి వచ్చినపుడు పట్టాలు చూచుటతో సరిపుచ్చక యొక లెక్క యీయవలెను. నూఱు క్వింటాళ్ల పత్తిలో నూటికి 34 పాళ్లు దూది వచ్చినచో నెన్ని బేళ్లగును? బేలు 170 కిలోలు గనుక ఇరువది బేళ్లు. క్యాండీ 356 కిలోలు గనుక తొమ్మిదిన్నర క్యాండీలకు కొంచెమెక్కువ. ఈ లెక్క తెలియనివాడు క్వింటాలు ధరకును క్యాండీ ధరకును భేదమెఱుగక సంఘమును ముంచగలడు.

పన్ను సంగతియు నడుగుడు. రైతు అమ్మిన ముడిపత్తిపై జీఎస్టీని 2017 నవంబరు 15 మొదలు కొన్న నమోదిత వర్తకుడే కట్టవలెను. కాని ఆ చట్టమున రైతనగా సేద్యము చేయు వ్యక్తియో హిందూ ఉమ్మడి కుటుంబమో యని యున్నది. సంఘము తన పేర కొని యమ్మినచో లెక్క మాఱును. "పన్నుల గుమాస్తాను విచారించి చెప్పెదను" అన్నవానిని మేము మెచ్చుకొందుము. తడుముకొనక తప్పు చెప్పువాడు వలదు.

ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు 1938లో నేతపనివారల సహకారసంఘమును నెలకొల్పిరి. 1954లో వారికి పద్మశ్రీ లభించెను. మగ్గము కడ కూర్చున్నవాని కష్టసుఖములు తెలిసినవారు కార్యభారము వహింపవలెనని మేమనునపుడు ఆ యూరివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. అధ్యక్షునిగారి మేనల్లుడనియో, తక్కువ జీతమునకు వచ్చెననియో యెవరినిబడితే వారిని కూర్చుండబెట్టుట మనవైపున క్రొత్తగాదు, ఏమందుము!

మఱియొక సంగతి మిక్కిలి ముఖ్యము. ఆ యంగడి ఖాతాకు కట్టిన ఫోను నంబరు, ఈమెయిలు, రహస్యపదము సంఘమువై యుండవలెను గాని ఉద్యోగివి కారాదు. అట్లుకానిచో అతడు కొలువు మానిన దినమున కొనుగోలుదారుల చిట్టా యతనితోనే పోవును. ధర తగ్గించుటకును గడువిచ్చుటకును ఎంతవఱకు స్వతంత్రుడో పాలకవర్గము తీర్మానముగా వ్రాసియీయవలెను. రొక్కము నేరుగా సంఘపు బ్యాంకుఖాతాకే చేరవలెను. దానిలోనుండి తీయుటకు ఇరువురి సంతకములుండవలెను. జీతము నెలజీతముగానే యుండుట మేలని మా తలంపు. అమ్మకముపై వంతు ఇచ్చినచో త్వరపడి చౌకగా నమ్మివేయునేమో యని భయము.

పత్తి రాక దసరా మొదలు ముమ్మరమగును. కావున నియామకము శ్రావణములోనే జరిపి, మూడునెలలు పరీక్షగా నుంచి, మొదట పదిసంచుల సరుకుతో అతని చేతిపని చూడుడు. ప్రతి శనివారము గిడ్డంగి పుస్తకమును తెరమీది లెక్కను ప్రక్కప్రక్కన బెట్టి చూచు పని కార్యదర్శిదే.