గాట్స్‌బీ ఇంటి వెనక తలుపు

స్కాట్ ఫిట్జెరాల్డ్ 1925లో అచ్చువేసిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ గురించి ఎవరిని అడిగినా ముందు పచ్చదీపం మాటే ఎత్తుతారు. నీటిపాయకు అవతల, తరతరాల శ్రీమంతులుండే ఈస్ట్ ఎగ్‌లో, గాట్స్‌బీ ప్రేమించిన డైసీ ఇంటి రేవు కొసన వెలిగే దీపం అది. ఇవతల వెస్ట్ ఎగ్‌లో, దొంగసారా డబ్బుతో మేడ కొన్న గాట్స్‌బీ రాత్రిపూట దానికేసి చేతులు చాస్తాడు.

నల్లగొండలో కూర్చుని చదివితే చూపు వేరేచోట ఆగుతుంది. బత్తాయి తోటల జిల్లా కదా! విందుల కోసం ప్రతి శుక్రవారం ఆ మేడకు ఐదు పెట్టెల నారింజలు, నిమ్మకాయలు దిగుతాయి. సోమవారానికి పిండేసిన చెక్కలు వెనక తలుపు గుండా గుట్టగా బయటికి పోతాయి. వంటింటి మెషీను అరగంటలో రెండు వందల పండ్ల రసం తీస్తుంది. కాకపోతే నౌకరు బొటనవేలితో రెండు వందలసార్లు మీట నొక్కాలి. ఆ నౌకరుకు పేరు లేదు. నన్నడిగితే సంపద గురించిన ఈ నవలకు గుండెకాయ ఆ బొటనవేలే, దీపం కాదు.

మన దొరల గడీల్లో ఆ పని వెట్టి చేసిపెట్టింది. కుమ్మరి కుండలియ్యాలి, గొల్ల గొర్రెనియ్యాలి, గౌడు కల్లు పొయ్యాలి, మాదిగ చెప్పులు కుట్టియ్యాలి. పైసా అడగొద్దు. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి అరవై ఊళ్లలో 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. గాట్స్‌బీ పిలవనివాళ్లకు కూడా తలుపులు తెరిచాడు, తన వైభవం నలుగురి కంటా పడాలని. గడీ ముందు నడిచేవాడు మాత్రం చెప్పులు విడిచి తల దించుకోవాలి. డైసీ మొగుడు టామ్ బుకానన్‌ను తెచ్చి మన ఊళ్లో నిలబెడితే తెల్లారేసరికి దొర అయిపోయేవాడు, శిక్షణ అక్కర్లేదు.

కథ చెప్పే నిక్ కారవే డైసీకి చుట్టం. ఎంత ఏవగించుకున్నా విందులో కూర్చునే చెబుతాడు. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఒకప్పుడు హోటల్లో సర్వర్‌గా చేసిన మనిషి. ఆయన నవల ‘ప్రజల మనిషి’లో దొర రామభూపాలరావు ఉన్నాడు గానీ, కథ కంఠీరవానిది, ఊరిది.

వెస్ట్ ఎగ్‌కూ న్యూయార్క్‌కూ నడుమ ఫిట్జెరాల్డ్ ఒక బూడిదలోయ పెట్టాడు. పారలు పట్టిన మనుషులు కూడా బూడిద రంగే. నాగార్జునసాగర్, శ్రీశైలం పనులకు పోయిన పాలమూరు లేబర్ తెలిసినవాళ్లకు ఆ రంగు కొత్తకాదు. లోయ మీద కళ్లజోడు డాక్టర్ ఎకిల్‌బర్గ్ ప్రకటన బోర్డు నుంచి రెండు పెద్ద కళ్లు చూస్తుంటాయి. మెకానిక్ విల్సన్ వాటిని దేవుడి కళ్లనుకుంటాడు. అతని భార్య మర్టిల్‌ను గుద్ది చంపిన కారు గాట్స్‌బీది, నడిపింది డైసీ. టామ్ చెప్పిన సగం నిజం నమ్మి విల్సన్ తుపాకీ పట్టుకుని ఒక్కడే బయల్దేరాడు. చేరింది గాట్స్‌బీ ఇంటికి. గాట్స్‌బీని చంపి తానూ చచ్చాడు. బుకానన్ దంపతులు సామాన్లు సర్దుకుని ఊరు దాటిపోయారు.

1946 జులై 4న కడవెండిలో ఆ విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు, దొరకు ఎదురుతిరిగిన దొడ్డి కొమరయ్య పడిపోయినప్పుడు జనం చెదిరిపోలేదు. కాల్పులు ఎవరింటి నుంచి వచ్చాయో వాళ్లకు తెలుసు. అందరూ కలిసి ఆ ఇంటినే చుట్టుముట్టారు.